తడి వాకిలి

శివరాత్రి పోయిన మర్నాడు ఈశ్వరమ్మ ఇల్లు దులపడానికి కొంగు బిగించింది. చలి వెనక్కి తగ్గింది. తెల్లవారుజామున దుప్పటి కాళ్ల కిందికి జారిపోయినా ఎవరూ పైకి లాక్కోవడం లేదు. కోట్‌పల్లి చెరువు మీదుగా వచ్చే గాలిలో మొన్నటిదాకా ఉన్న కోత పోయి, ఎండుటాకుల వాసన మొదలైంది. కంది కోతలయ్యాయి. కట్టె మోపులు ఇంటి వెనక నిలబడ్డాయి. కందుల బస్తాలు నడింట్లో గోడకు ఆనుకుని ఉన్నాయి. ఇక మిగిలింది ఇల్లూ వాకిలే.

ఏటా చేసే పనే. ముందు అటుక మీది సామాను దించాలి. ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోమాలి. చలికాలమంతా కప్పుకున్న బొంతలు ఎండకు వేసి కర్రతో కొట్టాలి. గోడలకు సున్నం, అడుగున ఎర్రగా జాజు పట్టీ. అన్నిటికన్నా చివర వాకిలి. గుంతలు పూడ్చి, మొరం పరిచి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, పేడతో అలికి ఆరబెడితే ఎండాకాలమంతా అదే ఆమె పనిచోటు. కందులు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఆ వాకిట్లో పరిచి ఎండబెట్టి, ఇసుర్రాయిలో పగలగొట్టి పప్పు చేస్తుంది. మిల్లు పప్పుకు అలవాటుపడ్డ వాళ్లు కూడా ఒకసారి ఆ పప్పు తింటే మళ్లీ అడుగుతారు. తాండూరులో ఉన్న చుట్టాలు పెళ్లిళ్లకు ముందే చెప్పి పెట్టుకుంటారు. ఆ ఊళ్లో పాండురంగం భార్య అంటే ఎవరికైనా మొదట గుర్తుకొచ్చేది కందిపప్పే.

ఈసారి ఆ వాకిట్లో కాలు పెడితే మడమ దాకా దిగుతోంది.

ఆ తడి వానలది కాదు. వానలు దసరాకే వెళ్లిపోయాయి. పక్కిల్లు ఆమె బావ రాజేశానిది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు మెరక భాగం పెద్దవాడికి, పల్లపు భాగం పాండురంగానికి వచ్చాయి. రెండు వాకిళ్లకు నడుమ గోడ లేదు. పెద్దల నాడు బండలతో కట్టిన మోరీ ఒకటే హద్దు. రాజేశం బర్రెల కొట్టం కడిగిన నీళ్లు ఆ మోరీలో పడి, వీధి కిందుగా దాటి చేల వైపు పోయేవి. దీపావళి ముందర రాజేశం పొద్దున పూట కూర్చుని పేపరు చదువుకోవడానికని తన గేటు పక్కన షాబాదు బండలతో గద్దె కట్టించుకున్నాడు. అది సరిగ్గా మోరీ మూతి మీదికి వచ్చింది. మూతిలో కంకర, సిమెంటు పోసి పూడ్చేశారు. ఆనాటినుంచి కొట్టం నీళ్లన్నీ పల్లం వెతుక్కుంటూ ఈశ్వరమ్మ వాకిట్లోకే వస్తున్నాయి.

ఆమె వాకిట్లో ఒక మూల కాస్త గట్టిగా ఉన్నచోట కందికట్టె పరిచి, దాని మీద బిందెలు పెట్టింది. బొంతలు తాడు మీద వేసింది. చాటలు, జల్లెడలు గోడకు ఆనించబోయి ఆగింది. గోడకు మోకాలెత్తు తడి ఎక్కి, దాని పైన తెల్లగా ఉప్పు పూసింది. వేలితో గీస్తే మన్ను పొడిపొడిగా రాలింది. ఇంకాస్త గీసింది. లోపలి రాయి కనబడింది.

"ఓ, ఇంటున్నవా? ఒక్కసారి బయటికొచ్చి గీ గోడ సూడు," అని పిలిచింది.

పాండురంగం చాయ గ్లాసుతోనే వచ్చాడు. మెత్తని మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడిన వాడు కాదు. గోడను చూశాడు, గ్లాసులోకి చూశాడు.

"ఎండలు ముదిరితే అదే ఆరుతది తియ్యి."

"దినాం నీళ్లు పోస్తుంటే యాడ ఆరుతది? వానకాలం వచ్చేవరకు గీ గోడ నిలుస్తదా?"

"అన్నకు నేను చెప్త."

"దీపావళి కాడికెల్లి చెప్త చెప్త అంటనే ఉన్నవు."

"పెద్దోడు. మనసు నొచ్చుకుంటడు. జర ఆగు," అని అతను గ్లాసు కడిగి బోర్లించి, చేను వైపు వెళ్లిపోయాడు.

ఈశ్వరమ్మ నిన్న తెప్పించిన మొరం గంపకెత్తి, దర్వాజ ముందు నాలుగు మూరల మేర పరిచింది. కాళ్లతో తొక్కింది. దిమ్మిస ఎత్తి కొట్టడం మొదలుపెట్టింది. దెబ్బ పడిన చోటల్లా నీరు పైకి చిమ్మినా, పదిసార్లు కొట్టేసరికి పట్టు దొరికింది. ఎర్రటి మొరం చదునై, చూడ్డానికి ముచ్చటగా కనబడింది. నడుం నిటారు చేసి చెమట తుడుచుకుంటుండగానే నీళ్లు వచ్చాయి. పేడ, గడ్డిపోచలు కలిసిన గోధుమరంగు నీళ్లు మెరక మీంచి తొందరేమీ లేనట్టు వచ్చి, కొత్త మొరం మీదికెక్కి, దాన్ని పాయలు పాయలుగా కోసుకుంటూ బిందెల కింది కందికట్టెలోకి దూరాయి.

ఆమె తలెత్తి చూసింది. కొట్టం ముందు బకెట్టు పట్టుకుని సత్యమ్మ నిలబడి ఉంది. రాజేశం భార్య, ఈశ్వరమ్మకు తోటికోడలు. ఏటా ఈ పని ఇద్దరూ కలిసే చేసేవారు, ఒకరోజు ఆ ఇంట్లో, ఒకరోజు ఈ ఇంట్లో. గద్దె గురించి ఈశ్వరమ్మ ఆమె దగ్గర నోరెత్తిన నాటినుంచి ఆ ఇంటినుంచి మాటలు బందయ్యాయి. సత్యమ్మ ఒక్క క్షణం అటే చూసి, ఖాళీ బకెట్టుతో లోపలికి వెళ్లిపోయింది.

ఈశ్వరమ్మ దిమ్మిసను గోడకు ఆనించింది. చేతులు కడుక్కుని, తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుని వీధిలోకి నడిచింది.

గద్దె కట్టిన మేస్త్రీ మొగులప్ప బడి వెనక ఎవరిదో ప్రహరీ గోడ కడుతున్నాడు. కర్ణాటక సరిహద్దు ఊరివాడు. ఎన్నేళ్లయినా మాటలో ఆ యాస పోలేదు.

"ఏనవ్వా, ఇంత దూరం వచ్చినవ్?"

"మొగులప్పా, నువ్వు పెట్టిన గద్దె కింద మోరీ తెరవాలె. ఒక్క పూట పని. రేపు రా."

మొగులప్ప తాపీ మీది మాలు గీకి గిన్నెలో వేశాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు.

"మోరీ ఉందని అప్పుడే చెప్పిననవ్వా. మూయమన్నడు, మూసిన. ఇప్పుడు నేనే తెరిస్తే పెద్దాయన నన్ను ఊళ్లకి రానిస్తడా? ఆయననే తియ్యమను, ఇప్పుడే వస్త."

"ఆయన తియ్యమంటె నీ దగ్గరికి నేనెందుకొస్త?"

మొగులప్ప ఇటుక ఒకటి తీసుకుని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఈశ్వరమ్మ తిరిగి వస్తూ దారి పొడుగునా ఒకటే అనుకుంది. అడగవలసిన వాళ్లనందరినీ అడగడం అయిపోయింది. ఇంటాయనను అడిగింది, మేస్త్రీని అడిగింది. అడగనిది బావనొక్కడినే. పెళ్లై వచ్చిన నాటినుంచి ఆ మనిషి ఎదురుగా వస్తే కొంగు నెత్తి మీదికి లాక్కుని పక్కకు తప్పుకోవడమే తప్ప, ముఖాముఖి ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఊళ్లో ఎవరింట్లో తగవొచ్చినా ముందు పిలిచేది ఆయననే. ఆయన చేసిన పనికి తగవు ఎవరి దగ్గర పెట్టాలి?

* * *

మర్నాడు పొద్దున్నే ఈశ్వరమ్మ గడ్డపార, పార, గంప తీసుకుని హద్దు దగ్గర నిలబడింది. గద్దె జోలికి పోకుండా కొట్టం వైపు కొసనుంచి మొదలుపెట్టింది.

నాలుగు నెలల బురద మోరీని పూర్తిగా కమ్మేసింది. ఎక్కడుందో ఆనవాలు కూడా లేదు. గడ్డపార దింపుకుంటూ పోతే ఒకచోట ఖంగుమని తగిలింది. పారతో బురద తీసి చూస్తే నల్లని బండ అంచు. దాని చుట్టూ గెలికి, గడ్డపార మొన దూర్చి, కడ్డీ మీద బరువంతా వేసి ఊగింది. బండ కదిలింది. ఒక కొస పైకి లేవగానే కాలితో చిన్న రాయి కిందికి తోసింది, మళ్లీ ఊగింది. బండ పక్కకు ఒరిగాక దాని కింద మోరీ కనబడింది. రెండు వైపులా రాళ్లు పేర్చి, అడుగున పలకలు పరిచిన పాత కట్టడం. ఒక్క రాయి కూడా జరగలేదు. బురద తప్ప దానికి ఏ రోగమూ లేదు.

ఆమెకు ఒళ్లంతా ఒక్కసారిగా తేలికైంది. బురద ఎత్తి గంపలో వేసి, గంప ఎత్తుకుని పెంటకుప్ప దాకా మోసుకెళ్లి పోసింది. మళ్లీ వచ్చింది. తుంగ వేళ్లు అల్లుకుపోయిన చోట కొడవలితో కోసింది. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. పాత గుడ్డ చింపి చుట్టుకుంది. ఎత్తిన బండలను తన వైపు అంచున వరుసగా నిలబెట్టి, కింద మట్టి దట్టించి తొక్కింది. చూస్తుండగానే హద్దు పొడుగునా మోకాలెత్తు బండల కట్ట లేచింది. ఇక నీళ్లు రావాలంటే మోరీలోనే రావాలి. మోరీలో వస్తే గద్దె దాకా పోయి ఆగాలి.

మధ్యాహ్నానికి ఆమె వీధి కొస చేరింది. మోరీ గద్దె కింద దూరి మాయమయ్యేచోట కంకర, సిమెంటు ముద్ద కనబడింది. వంగి గడ్డపారతో దాని అంచు పరీక్షిస్తుండగా, గేటు తెరిచిన చప్పుడు వినబడింది.

రాజేశం వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. ఉతికిన తెల్ల ధోవతి, మోకాళ్ల మీద పేపరు. కాళ్లు రెండూ కిందికి వేలాడేశాడు, సరిగ్గా ఆమె గడ్డపార పెట్టిన చోటికి. ఆమె వైపు చూడలేదు. అప్పుడే చేనునుంచి వస్తున్న తమ్ముడిని చూసి గొంతు పెంచాడు.

"పాండూ, నీ ఇంట్ల చెప్పు. పని మస్తుగ ఉంటె చేన్ల చేసుకొమ్మను. నా గద్దె కాడ కాదు."

పాండురంగం సైకిలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. కిరాణా కొట్టు ముందు కూర్చున్న ఈరయ్య బీడీ నోట్లోంచి తీశాడు. నీళ్ల బిందెతో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు నడక తగ్గించారు.

ఈశ్వరమ్మ చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. చేతినిండా బురద. కొంగు ముట్టుకోకుండానే చెయ్యి దించింది. నిటారుగా నిలబడి, జీవితంలో మొదటిసారి బావ ముఖంలోకి చూసింది.

"బావా, జర కాళ్లు తియ్యుండ్రి."

రాజేశం చేతిలో పేపరు కిందికి దిగింది. ఆ మాట తనతోనే అన్నదా అన్నట్టు తమ్ముడి వైపు చూశాడు.

"పాండూ, ఏమంటున్నది?"

"మీతోనే అంటున్న బావా. మోరీ నిండా కంకర పోసిన్రు. మీ కొట్టం నీళ్లు నాలుగు నెలల సంది నా వాకిట్ల పడుతున్నయి. నా గోడ నానిపోయింది. మూతి తెరిస్తె మీ గద్దెకు ఏం కాదు. బండలు తీసి, కింద నీళ్లకు తావిచ్చి, మల్ల గట్లనే పెడ్త. మీరు గట్లనే కూసోవచ్చు."

"నా ఇంటి ముందల నా గద్దె. ఎవరొచ్చి తీస్తరో నేను సూస్త."

"నేనే తీస్త. మీరు లేచినంక తీస్త. కాలు మీద గడ్డపార పడొద్దు గద."

ఈరయ్యకు నవ్వొచ్చి దగ్గు కింద మార్చుకున్నాడు. రాజేశం పేపరు మళ్లీ ఎత్తుకున్నాడు. ఆమె కాసేపు చూసింది. ఆయన లేవలేదు. గడ్డపార భుజాన వేసుకుని, పార గంపలో పెట్టుకుని ఇంట్లోకి నడిచింది. వెనక పాండురంగం వచ్చాడు.

"ఎంత పని చేసినవు," అన్నాడు గొణుగుతూ.

"ఇంక చెయ్యలేదు. సగమే అయింది," అంది ఆమె, చేతుల మీద నీళ్లు పోసుకుంటూ.

* * *

తెల్లవారి ఆమె సున్నం కలిపింది. నిన్న నానబెట్టిన సున్నపురాయి కుండలో మెత్తగా పెరుగులా విచ్చుకుంది. గుడ్డలో వడగట్టి, కాస్త నీలిమందు వేసి, ఈత కుంచెతో లోపలి గోడలు మొదలుపెట్టింది. పైనుంచి కిందికి ఒక చుట్టు, అది ఆరాక అడ్డంగా ఇంకొక చుట్టు. చెయ్యి గోడ మీదుంది గాని చెవి మాత్రం కొట్టం వైపే ఉంది. నీళ్లు వచ్చే వేళయింది. రాలేదు. ఆలస్యమైందేమో అనుకుంది. పొద్దెక్కింది. అయినా రాలేదు.

నిచ్చెన దిగి, కుంచె కుండలో పెట్టి, దర్వాజ దగ్గరికొచ్చి చూసింది.

సత్యమ్మ కొట్టం ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేతులు. బకెట్టు పక్కన బోర్లించి ఉంది. కొట్టంలో బర్రెలు పేడలో కాళ్లు మార్చుకుంటూ అసహనంగా బుసకొడుతున్నాయి. రాజేశం ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"కొట్టం కడగవా ఇయ్యాల?"

"కడగ."

"ఏమైంది? పానం బాగ లేదా?"

"పానానికేం కాలేదు. నీళ్లు యాడికి పోతయో చెప్పు, కడుగుత."

"దినాం యాడికి పోయినయో గాడికే పోతయి!"

"ఇన్నొద్దులు ఈశ్వరి ముంగట్ల పోసిన. పోసేటప్పుడల్ల అది నా దిక్కు సూసేది. నేను తలకాయ దించుకునేది. నీళ్లు పోసింది నా చెయ్యి గాని నీ చెయ్యి కాదు. ఇగ పొయ్య," అంది సత్యమ్మ. అరవలేదు. ఆమె మాట ఎప్పుడూ అంత మెల్లగానే ఉంటుంది.

"ఎవరు నేర్పిన్రు నీకు గీ మాటలు?"

"నాకొకలు నేర్పాల్నా? కట్ట కట్టింది, కండ్లతోని సూసిన. ఇప్పుడు పోస్తే మన గేటు కాడనే నిలుస్తయి."

రాజేశం ఇటు తిరిగి, దర్వాజలో నిలబడ్డ ఈశ్వరమ్మను చూశాడు. ఆయన ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ధోవతి మోకాళ్ల పైకి దోపుకుని, బకెట్టు లాక్కుని తొట్టి దగ్గరికి పోయాడు.

"నేను కడుగుత. ఎట్ల నిలుస్తయో సూస్త."

ఆ ఇంటి పెద్దమనిషి చేతిలో పొరక చూడ్డం ఊరికి అదే మొదలు. నీళ్లు చిమ్మడం తెలుసు గాని, ఏ మూలనుంచి లాగాలో, బర్రెను ఎటు జరపాలో తెలియదు. ఒక బర్రె తోక విసిరితే పేడ చుక్కలు తెల్ల బనియను మీద పడ్డాయి. అయినా వదల్లేదు. బకెట్ల మీద బకెట్లు గుమ్మరించాడు. సత్యమ్మ మెట్టు మీంచి లేవలేదు.

నీళ్లు మోరీలో పడ్డాయి. నిన్న శుభ్రం చేసిన మోరీ కదా, ఎక్కడా ఆగకుండా ఉరుకులు పరుగులుగా పోయి గద్దెకు గుద్దుకున్నాయి. అక్కడ దారి లేదు. సుడి తిరిగి వెనక్కి మళ్లి, లేచి, ఈశ్వరమ్మ నిలబెట్టిన బండల కట్టకు తగిలి, కట్ట లేని వైపుకు, అంటే రాజేశం గేటు లోపలికి పొర్లాయి. ఆయన ఆఖరి బకెట్టు పోసి, గద్దె దగ్గరికి వచ్చి చూసేసరికి గేటు ముందంతా పేడనీటి మడుగు. చెప్పులు అందులో తేలాయి. వెనక్కి పోదామంటే మడుగు, ముందుకు పోదామంటే మడుగు. గద్దె ఎక్కి కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు.

వీధిలో ఒక్కొక్కరే ఆగారు. ఈరయ్య కొట్టు ముందునుంచి లేచి వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో, రాజేశానికి తిట్టడానికి ఒకరు దొరికేవారు.

"అన్నా, మోరీ పెద్దలు పెట్టింది గద," అన్నాడు ఈరయ్య చివరకు, ఎంతో మర్యాదగా. "పోయినేడు నా హద్దు కాడ నువ్వే తీర్పు చెప్పినవు. నీళ్ల బాట మూయొద్దంటివి. నేను తెరిచిన."

రాజేశం పేపరు కోసం వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాడు. పేపరు లేదు. మెడ మీద తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. పోయినేడు తను ఈరయ్యకు చెప్పిన తీర్పు ఆయనకు గుర్తుకొచ్చిందని ఈశ్వరమ్మకు ఆయన భుజాలు చూస్తేనే తెలిసింది. అవి కిందికి వాలాయి.

సత్యమ్మ కొట్టంలోంచి గడ్డపార పట్టుకుని వచ్చింది. చీర మోకాళ్ల దాకా ఎత్తి చెక్కుకుని, మడుగులోంచే నడిచి గద్దె ముందు నిలబడింది. గడ్డపార నేలకు ఆనించి నిలబడిందంతే.

రాజేశం భార్యను చూశాడు. హద్దు ఇవతల సున్నం మరకల చేతులతో నిలబడ్డ ఈశ్వరమ్మను చూశాడు. గద్దె దిగి, మడుగులో కాళ్లు పెట్టి, తేలుతున్న చెప్పులు అందుకున్నాడు.

"నాకు తాండూర్ల పనున్నది," అన్నాడు ఎవరికీ కాకుండా. కాళ్లు కడుక్కుని, బనియను మీద చొక్కా వేసుకుని, బండి తీసుకుని వెళ్లిపోయాడు. వద్దని మాత్రం అనలేదు.

ఈశ్వరమ్మ గడ్డపార తెచ్చింది. తోటికోడళ్లిద్దరూ గద్దె పైబండకు చెరొక కొసన కడ్డీలు దూర్చారు.

"ఒక్కసారే ఊగాలె అక్కా."

"నాకు చెప్పకు. నీ పెండ్లికి ముందు సంది బండలు లేపుతున్న," అంది సత్యమ్మ. ఇన్ని నెలల తర్వాత ఆమె తోటికోడలితో అన్న మొదటి మాట అదే. ఈశ్వరమ్మకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండింటినీ చూసుకునే తీరిక లేదు. ఊగింది. బండ కదలలేదు. మళ్లీ ఊగారు. సిమెంటు పట్టు విడుస్తున్న చప్పుడు సన్నగా వినబడింది.

అప్పుడు ఆమె కడ్డీ మీద ఇంకొక జత చేతులు పడ్డాయి. పాండురంగం. చొక్కా విప్పి సైకిలు మీద వేసి వచ్చాడు. ఆమె వైపు చూడకుండా, "ఊఁ, పట్టు," అన్నాడు. మూడోసారికి బండ లేచింది. నలుగురు వచ్చి పట్టుకుని పక్కన పడుకోబెట్టారు. ఎవరు పిలిచారో ఏమో, మొగులప్ప ఉలి, సుత్తితో పరుగెత్తుకొచ్చి కంకర ముద్దను ముక్కలుగా కొట్టాడు. ఈశ్వరమ్మ మోరీలోకి దిగి చేతులతో ఆ ముక్కలు ఎత్తి బయట వేసింది. ఆఖరి ముక్క పెద్దది. దాన్ని కదిలించి లాగేసరికి వెనక ఆగిన నీరంతా ఒక్కసారిగా ఆమె మోకాళ్లను తోసుకుంటూ పోయింది. వీధి కింద గుబగుబమని చప్పుడైంది. పిల్లలు కేకలు వేస్తూ వీధి దాటి అవతలికి ఉరికారు.

"వచ్చినయ్! చేన్లకు వచ్చినయ్!"

మడుగు చూస్తుండగానే తగ్గిపోయింది. సత్యమ్మ కొట్టంలోకి పోయి, సగం సగం కడిగిన నేలను మొదటినుంచి కడిగింది. ఈశ్వరమ్మ మోరీ పక్కనే నిలబడి, బకెట్టు తర్వాత బకెట్టు నీళ్లు తన ముందునుంచి, తన వాకిలిని ముట్టకుండా పోవడం చూసింది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. సాయంత్రానికి మొగులప్ప మోరీ మీదుగా బండలు అడ్డంగా వేసి, గద్దెను మళ్లీ నిలబెట్టాడు. అదే ఎత్తు, అదే వెడల్పు. దాని కింద నీళ్లకు దారి.

* * *

వాకిలి ఆరడానికి వారం పైన పట్టింది. మొదట పగుళ్లు వచ్చాయి. తర్వాత పెచ్చులు లేచాయి. ఈశ్వరమ్మ ఆ నల్లటి పెచ్చులన్నీ చెక్కి ఎత్తిపోసింది. గోడకు తడిసిన మన్ను గీకి, ఎర్రమన్నులో తరిగిన గడ్డి కలిపి తొక్కి మెత్తింది. అది బిగిశాక సున్నం, కింద జాజు పట్టీ. మొరం పరిచే రోజు సత్యమ్మ పిలవకుండానే దిమ్మిస పట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు వేస్తుంటే వీధి చివరిదాకా తాళం వినబడింది. రెండో రోజు ఆ ఇంటి అటుక సామాను దించారు.

ఇప్పుడు ఆకులన్నీ రాలిన వేపకు ఎర్రటి చిగురు పట్టింది. నడింట్లో గంగాళంలో కందులు నానుతున్నాయి. ఎల్లుండి వాటిని వాకిట్లో పరవాలి. ఈశ్వరమ్మ పేడ, ఎర్రమన్ను చిక్కగా కలిపి, గోడ మూలనుంచి అలుకుతూ వెనక్కి వెనక్కి వస్తోంది. అరచెయ్యి అర్ధచంద్రంలా తిప్పుతుంటే ఒకదానికొకటి తగులుతూ వరుసలు పడుతున్నాయి. సగానికి పైగా అయింది. ఎండ మెత్తగా వీపు మీద పడుతోంది. అలికిన నేల తడి వాసన, పక్కన కుండలో సున్నం వాసన కలిసి ఇల్లు కొత్తదై కూర్చున్నట్టుంది.

వీధిలో బండి ఆగింది. అడుగులు హద్దు దగ్గరికి వచ్చి ఆగాయి. ఎవరో తెలియడానికి తలెత్తనక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి రాజేశం ఈ ఇంటి వైపు రాలేదు. పొద్దున గద్దె మీద కూర్చోవడం మాత్రం మానలేదు. కింద నీళ్లు పోతున్నప్పుడు పేపరు కాస్త ఎత్తి పట్టుకుంటాడని సత్యమ్మ చెప్పింది.

రాజేశం గొంతు సవరించుకున్నాడు.

"ఈశ్వరమ్మా."

ఆమె చెయ్యి ఆగింది. ఆయన నోట తన పేరు వినడం అదే మొదటిసారి.

"పాండు ఉన్నడా? తాండూరు మార్కెట్‌కు కందులు తీస్కపోతున్న. బండిల జాగ ఉన్నది. మీయి గూడ ఏస్తడేమో అడుగుదామని."

"ఉన్నడు బావా, లోపల ఉన్నడు." ఆమె కొంగు సర్దుకోలేదు. చేతిని మళ్లీ నేలకు ఆనించింది. "ఇప్పుడే అలికిన. ఆరలేదు. గోడ పక్కపొంటి రాండ్రి."

రాజేశం వాకిలిని చూశాడు. మూలనుంచి ఆమె చెయ్యి దాకా ఒక్క గీత చెదరకుండా తడితడిగా మెరుస్తోంది. వంగి చెప్పులు విడిచాడు. అక్కడ వదలకుండా చేతిలోకి తీసుకున్నాడు. ధోవతి కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, గోడ వెంబడి పొడిగా ఉన్న జానెడు మేర మీద ఒక్కొక్క అడుగే చూసి చూసి వేస్తూ, అలుకు అంచు తొక్కకుండా నడిచి వచ్చాడు.

ఈశ్వరమ్మ పేడముద్ద ఇంకొకటి తీసుకుని, తర్వాతి వరుస మొదలుపెట్టింది.